ఖాళీ అని రాసిన జాగా

కాసులమ్మకు చెట్టంటే పడదు. కొబ్బరైనా పోకైనా మామిడైనా ఒకటే. అండమాన్‌లో ఇలాంటి మనిషి మరొకరు దొరకడం కష్టం. ఇక్కడికి వచ్చి దిగిన ప్రతి కుటుంబమూ సర్కారు చూపించిన స్థలంలో ఇంటికి గుంజ పాతకముందే కొబ్బరి మొక్క పాతింది. ఆమె భర్త యర్రయ్య కూడా అందరిలాంటివాడే. రెండుసార్లు మొక్కలు తెచ్చాడు. ఇంటి వెనక పాతినవాటిని కాసులమ్మ ఏమీ అనలేదు. ఇంటి ముందు, ఉప్పుటేటి వైపు పాతినవాటిని మాత్రం మర్నాడు పొద్దున్నే పీకి పక్కింటి బుల్లమ్మకు ఇచ్చేసింది.

"నీడ తిని బతుకుతామేటి మావా?" అని ఆ రోజు యర్రయ్యను అడిగింది. ఆ మాట బస్తీలో చాలాకాలం నవ్వులాటగా నడిచింది. ఎవరైనా ఎండకు తాళలేక ఇంటి చూరు కిందికి వెళ్తుంటే, కాసులమ్మ చూస్తోంది జాగ్రత్త అనేవారు.

వండూర్ వెళ్లే రోడ్డు మీద బస్సు దిగి, అడవిలోంచి కాలిబాటన నడిస్తే ఉప్పుటేరు సముద్రంలో కలిసే మూల దగ్గర జాలారి బస్తీ వస్తుంది. యాభైల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపలు పట్టే కుటుంబాలను సర్కారు ఓడలో తెచ్చి అక్కడ దించింది. అప్పటికి కాసులమ్మ కొత్త పెళ్లికూతురు. ఓడలో వాంతులతో సగమైపోయి, ఒడ్డున ఇసకలో కూలబడి, చుట్టూ ఉన్న అడవిని చూసి, ఇక్కడ ఎండ ఎక్కడ పడుతుంది అని అడిగిందట. అందరూ పాములున్నాయా, తాగునీళ్లున్నాయా అని అడుగుతుంటే ఈమె అడిగింది అది.

వాళ్లను తెచ్చిన అధికారి చేతిలో బెత్తం ఉండేది. దాంతోనే చూపించాడు. ఇళ్లు ఇక్కడ, డోంగీ పడవలు ఒడ్డుకు లాక్కునేది అక్కడ, చేపలు ఎండేసుకునేది అదిగో, ఏటి మూల మీద. మగవాళ్లు సముద్రం మీదికి పోతే ఆ మూలను ఆడవాళ్లే బాగుచేశారు. పొదలు కొట్టారు, మోళ్లు తవ్వారు, ఒడ్డు నుంచి గంపలతో ఇసక మోసి పోశారు. ఇంటి స్థలాలకు తర్వాత సర్కారు కాగితాలిచ్చింది. ఆ మూలకు ఇవ్వలేదు. ఎవరూ అడగనూ లేదు. ఇల్లంటే ఒకరిది గనక కాగితం కావాలి, ఇది అందరిదీ కదా అనుకున్నారు. దానికి పేరు కూడా పెట్టలేదు. జాగా అనేవారు, అంతే.

జాగాలో గడ్డిపరక మొలవనిచ్చేవారు కాదు. చెట్టు లేదు, కంచె లేదు, పాక లేదు. అక్కడ మే నుంచి డిసెంబరు దాకా వాన ఏ పూట వస్తుందో తెలీదు. చేప ఎండాలంటే మిగిలిన నెలలే దిక్కు. ఆ నెలల్లో పొద్దున్న పడ్డ ఎండ సాయంత్రం దాకా పోకూడదు, ఏటి మీది గాలికి ఏదీ అడ్డం రాకూడదు. మధ్యాహ్నం ఒక కొబ్బరి చెట్టు నీడ పడినా ఆ మేరకు చేప మెత్తబడుతుంది. కాసులమ్మ పగ చెట్ల మీద కాదు, ఆ నీడ మీద.

పచ్చి చేపంతా ఐసు పడవ కాంట్రాక్టరు చేతికే పోయేది. అతను చెప్పిందే ధర, అతను వచ్చిందే వేళ. ఎండుచేప ఒక్కటే ఆడవాళ్ల చేతిలో ఉన్న పని. కాంట్రాక్టరు వద్దన్న చిన్న చేపను, మిగిలిపోయినదాన్ని వీళ్లు చీల్చి, ఉప్పేసి, తడకల మీద ఎండబెట్టి పోర్టు బ్లెయిరు తీసుకెళ్లి అమ్మేవారు. అక్కడి గోల్ ఘర్ బజారులో కాసులమ్మ గంప దించే చోటు అందరికీ తెలుసు. తెలుగువాళ్లు నెత్తళ్ల కోసం, రాంచీ కూలీలు ఏది చవకైతే దాని కోసం, తమిళులు సొర ముక్కల కోసం వచ్చేవారు. ఇంట్లో బియ్యం ఆ గంపలోంచే వచ్చేవి. యర్రయ్య సంపాదన వల మరమ్మతులకు, డోంగీ తారుకు, అతని సారాకు సరిపోయేది. ఇందులో మొదటి రెండిటి గురించి అతను గట్టిగా చెప్పేవాడు.

ఆ పనితోపాటు ఒక సిగ్గు కూడా ఉండేది. వాసన. బస్సులో కండక్టరు గంపల్ని టాపు మీదికి ఎక్కించి, మనుషుల్ని వెనక సీటుకు పంపేవాడు. డిస్పెన్సరీలో దూరంగా కూర్చోమనేవారు. కాసులమ్మ ఊరికి వెళ్లేటప్పుడు చేతులు బూడిదతో రుద్దుకుని, చింతపండుతో రుద్దుకుని, చివరికి సబ్బుతో రుద్దుకునేది. అయినా పోయేది కాదు.

వీటన్నిటికన్నా వాళ్ల మనసులో నాటుకుపోయింది కుళాయి సంగతి. చాలా ఏళ్ల కింద బస్తీకి కుళాయి వేయిస్తామని ఒక అధికారి చూడటానికి వచ్చాడు. ఆ రోజు జాగా నిండా ఎండేసిన సావిడి చేపలు ఉన్నాయి. ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. మళ్లీ రాలేదు. కుళాయీ రాలేదు. రాకపోవడానికి కారణాలు ఆఫీసుల్లో వంద ఉండొచ్చు. బస్తీ ఆడవాళ్లు మాత్రం ఒక్కటే నమ్మారు. చేపల కంపుకే కుళాయి పోయింది.

అందుకే, డెబ్భైల చివర్లో ఒక జనవరి నెలలో, ఐసు పడవ ఆగే జెట్టీకి రోడ్డు వేయడానికి కొలతలు తీసేవాళ్లు వస్తున్నారని తెలిసినప్పుడు వాళ్లు ఆ పని చేశారు.

రోడ్డంటే బస్తీలో ఎవరికీ కోపం లేదు. రోగం వస్తే మంచం మీద మోసుకెళ్లే బాధ తప్పుతుంది, పిల్లలు బస్సులో బడికి పోతారు, గంప నెత్తిన పెట్టుకుని అడవి దాటక్కర్లేదు. రోడ్డు కొబ్బరితోటల అంచున పోతుందని అనుకున్నారు. అలా అని వాళ్లతో ఎవరూ చెప్పలేదు. తోటలవాళ్లకు పరిహారం వస్తుందని పుకారు మాత్రం వచ్చింది. బుల్లమ్మ తన చెట్లు లెక్కబెట్టుకోవడం మొదలెట్టింది.

ముందురోజు మధ్యాహ్నం కాసులమ్మే అందరినీ కేకేసింది. ఎండుతున్న చేపలన్నీ తీసి గోనెల్లో కట్టి ఇళ్ల వెనక్కి చేరవేశారు. తడకలు ఎత్తేశారు. ఉప్పు తొట్లు దొర్లించుకుంటూ తీసుకెళ్లారు. పొలుసులు, పేగులు పడ్డ చోట పై ఇసక చెక్కి ఏట్లో పోసి, కొత్త ఇసక తెచ్చి పరిచారు. పొద్దున్నే లేచి మళ్లీ ఊడ్చి, నీళ్లు చల్లి, జాగా మధ్యలో పెద్ద ముగ్గేశారు. కుర్చీ కోసం ఊరంతా వెతికి, బడిలో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేశారు. ఆ జాగా అంత శుభ్రంగా ఉండటం అంతకుముందు ఎవరూ చూడలేదు.

వచ్చింది భూముల లెక్క రాసే పట్వారీ, కొలత గొలుసు పట్టే ఇద్దరు మనుషులు. పట్వారీ మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చుని కొబ్బరినీళ్లు తాగాడు. చాలా శుభ్రమైన చోటు అని హిందీలో మెచ్చుకున్నాడు. ఆ మాటకు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత గొలుసు వేయించి, ఈ ఖాళీ స్థలం ఎందుకు పనికొస్తుంది అని యర్రయ్యను అడిగాడు. యర్రయ్య నిలబడ్డ చోటే కొంచెం వంగి, "కుచ్ నహీ సాబ్. ఐసే హీ" అన్నాడు. ఏమీ లేదు సార్, ఊరికే. పెద్దమనిషి ముందు చేపల మాట ఎత్తడం ఎందుకని అతని ఉద్దేశం.

పట్వారీ కళ్లకు కనబడిందీ అదే, చెవిన పడిందీ అదే. ఖాళీ సర్కారు భూమి, ఏ వాడుకా లేదు అని రాసుకున్నాడు.

సంగతి బయటపడింది జ్ఞానవతి టీచరు వల్ల. ఆమెది పోర్టు బ్లెయిరు దగ్గరి బ్రూక్షాబాద్. బస్తీలో ఉన్న తెలుగు ప్రాథమిక పాఠశాలకు టీచరుగా వచ్చి, వారమంతా బడి పక్క గదిలో ఉండి, ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు ఇంటికి వెళ్లేది. రేషను దుకాణం గోడకు అంటించిన నోటీసు ఆమె చదివింది. చదివి నేరుగా కాసులమ్మ ఇంటికి వచ్చింది.

రోడ్డు తోటల అంచున రావడం లేదు. అక్కడ నేల మెత్తన. గట్టి నేల మీద, జాగా నడిమధ్య నుంచి వస్తుంది. మిగిలిన భాగంలో లారీలు తిరగడానికి, సామాను దించడానికి స్థలం. మొత్తం జాగా పోతుంది. దారిలో పడే కొన్ని కొబ్బరి చెట్లకు వాటి యజమానులకు పరిహారం ఇస్తారు. జాగాకు ఏమీ లేదు. అది ఎవరి వాడకంలోనూ లేని సర్కారు భూమి.

కాసులమ్మకు అర్థం కాలేదు. "ఖాళీ అని ఎవరు రాసినారు టీచరమ్మా? ఆయనకి కళ్లు లేవేటి?"

"కళ్లు ఉన్నాయి కాసులమ్మా. ఉన్నాయి గనకే అలా రాశాడు," అంది జ్ఞానవతి.

అప్పుడు అర్థమైంది. కాసులమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. యర్రయ్య వాకిట్లో వల అల్లుతున్నాడు. అతనివైపు చూసి, "మావా, ఐసే హీ అన్నావు కదా. ఇంక అన్నవేళకి కూడా ఐసే హీ," అంది. ఆ రాత్రి అతనికి అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. తర్వాత కొన్నాళ్లు అతను ఏమడిగినా ఆ రెండు హిందీ ముక్కలే జవాబు. ఉప్పేది? ఐసే హీ. చుట్టలేవి? ఐసే హీ.

అభ్యంతరం చెప్పుకోవడానికి గడువుందని జ్ఞానవతి చెప్పింది. ఆమే అర్జీ రాసింది. బస్తీ మగవాళ్లలో సగం మంది వేలిముద్ర వేయడానికి వెనకాడారు. సర్కారు తెచ్చి దించింది, సర్కారు ఇల్లిచ్చింది, దాని మీద అర్జీ ఏమిటన్నారు. పైగా రోడ్డు ఆగిపోతే? బుల్లమ్మ మొగుడికి చెట్ల పరిహారం వచ్చేలా ఉంది. అతను ఆ రోజు వేటకు వెళ్లి మర్నాటి దాకా రాలేదు. బుల్లమ్మ మాత్రం వేలిముద్ర వేసింది. మొగుడు వచ్చాక ఆ ఇంట్లో కొంత గొడవ జరిగినట్టు గోడ ఇవతల కాసులమ్మకు వినిపించింది. తెల్లవారి బుల్లమ్మ ఆ ఊసెత్తలేదు, కాసులమ్మ అడగలేదు.

విచారణ పోర్టు బ్లెయిరు ఆఫీసులో జరిగింది. భూమి తీసుకునే అధికారి వయసులో చిన్నవాడే. ఉత్తరాది మనిషి, మాంసం చేపా ముట్టని ఇంటివాడు. విసుగూ లేదు, దయా లేదు. కేసు కాగితాలు ముందే చదివి కూర్చున్నాడు. జ్ఞానవతి పక్కన ఉంది. అధికారి హిందీలో వివరంగా చెప్పాడు. రోడ్డు అందరికీ కావాలి, బస్తీకి కూడా. ప్రజల అవసరానికి ఒకరి సొంత భూమిని కూడా సర్కారు తీసుకోవచ్చు, అలాంటిది ఇది సర్కారు భూమే. ఆడవాళ్ల దగ్గర దానికి పట్టా లేదు, అనుమతి కాగితం లేదు. నిజంగా దాని మీద ఎవరి బతుకైనా ఆధారపడి ఉంటే వేరే చోటు చూడమని తను రాయగలడు. కాని రికార్డులో ఖాళీ అని ఉంది. తన మనిషి స్వయంగా చూసి రాశాడు.

మొదట్లో వచ్చిన అధికారి బెత్తంతో ఆ చోటు చూపించిన సంగతి కాసులమ్మ చెప్పింది. ఆ అధికారి పేరేమిటని అడిగాడు. పేరు ఆమెకు తెలీదు. పెద్ద మీసాలుండేవంది. అధికారి అది రాసుకోలేదు.

అప్పుడామె కొంచెం ముందుకు జరిగింది.

"ఖాళీ నహీ థా సాబ్. హమ్‌లోగ్ ఖాళీ కియా." ఖాళీగా లేదు, మేమే ఖాళీ చేశాం.

ఎందుకు అని అతను అడిగాడు. ఆమెకు హిందీ అందలేదు. తెలుగులోకి దిగింది.

"తమరొస్తన్నారని బాబూ. కంపు కొడతాదని."

జ్ఞానవతి ఒక క్షణం తటపటాయించి, శుభ్రత కోసం చేశారని హిందీలో చెప్పింది. బజార్లో హిందీతోనే బతికిన కాసులమ్మకు ఆ మాట తెలుసు. టీచరు మోచేయి పట్టుకుంది.

"అలాక్కాదు టీచరమ్మా. కంపు అనే సెప్పు." అని తనే అధికారి వైపు తిరిగి, "బద్బూ సాబ్. మచ్లీ కా బద్బూ. ఒక సాబు ముక్కు మూసుకుని ఎల్లిపోనాడు, మాకు కుళాయి రాలేదు. ఈ సాబు కూడా ఎల్లిపోతాడని ఊడిసేసినాం," అంది.

టీచరు ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. అధికారి కలం కింద పెట్టాడు. గోడ దగ్గర నిలబడ్డ పట్వారీ వైపు చూశాడు. పట్వారీ, ముగ్గు కూడా ఉంది సర్ అన్నాడు మెల్లిగా. సాక్ష్యంలా పలికాడో, క్షమాపణలా పలికాడో చెప్పలేం.

తనే వచ్చి చూస్తానన్నాడు అధికారి. తేదీ చెప్పబోయాడు.

"ఏ రోజో సెప్పకండి బాబూ," అంది కాసులమ్మ. "సెప్తే మావోళ్లు మళ్లీ ఊడిసేత్తారు."

టీచరు ఆ మాట తిప్పి చెప్పేసరికి గుమాస్తాలు నవ్వారు. అధికారి కూడా నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నాడు.

మార్చిలో వచ్చాడు. మధ్యాహ్నం, ఎండ మాడుతున్న వేళ. జీపు రోడ్డు మీద వదిలి కాలిబాటన వస్తుంటే పిల్లలు ముందుగా పరిగెత్తుకొచ్చి సాబ్ ఆతా అని చెప్పారు. జాగా నిండుగా ఉంది. తడకల మీద నెత్తళ్లు, ఇసక మీద పరిచిన పాత వలల మీద కానాగంతలు, దండేల మీద సావిళ్లు. ముందురోజు మబ్బు పట్టడంతో ఒక వరస సరిగా ఎండలేదు, అందులో పురుగు పడింది. తొట్లలో ఉప్పునీళ్లు పులిసి నురగలు కక్కుతున్నాయి. ఈగల సంగతి చెప్పనక్కర్లేదు.

కేక వినగానే ఆడవాళ్లందరి చేతులూ వాటంతట అవే కదిలాయి. బుల్లమ్మ దండెం మీది సావిళ్లు దూసి ఒళ్లో వేసుకుంటోంది.

"ఒలే బుల్లమ్మా, వదిలీ."

"అప్పా, ఇయ్యి పురుగు పట్టినాయి. ఇయ్యొక్కటే తీసేత్తాను."

"వదిలీ అన్నాను. ఒక్క సేప ముట్టుకున్నావంటే నీకూ నాకూ మాటల్లేవు."

"సాబు కక్కుకుంటే?"

"కక్కుకోనీ," అంది కాసులమ్మ.

చెప్పడానికి చెప్పింది గాని, అధికారి బాట మలుపు తిరిగి కనిపించేసరికి ఆమె ముఖం మాడిపోయింది. ఇంటికి చుట్టం వస్తే వాకిలి ఊడ్చకుండా ఉన్నట్టే కాదు, తన లోపలి గుడ్డ నలుగురిలో ఆరేసినట్టుందని తర్వాత జ్ఞానవతితో అంది.

పట్వారీ అప్పటికే రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. అధికారి జేబులోకి చెయ్యి పోనిచ్చి, అందరూ తననే చూస్తున్నారని గమనించి, ఉత్త చెయ్యే బయటికి తీశాడు. జాగా ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. వరసల మధ్య ఆగి, ఇవి ఎవరివి, అవి ఎవరివి, ఎన్నాళ్లు ఎండాలి అని అడిగాడు. అదే పని చెట్ల కింద చేసుకోవచ్చు కదా, మనుషులకు చల్లగా ఉంటుంది అన్నాడు. కాసులమ్మ దండెం దగ్గరికి నడిచింది. పురుగు పట్టిన సావిడిని దండెం మీంచి తీసి, చీల్చిన వైపు తిప్పి చూపించింది. ఒక్కరోజు మబ్బు పడితే ఇలా అవుతుందని జ్ఞానవతి చెప్పింది.

అతను దగ్గరికి వంగి చూశాడు. వెంటనే లేచి, గబగబా బుల్లమ్మ కొబ్బరి చెట్ల వైపు వెళ్లాడు. అక్కడ అతని వీపు రెండుసార్లు అదిరింది.

ఎవరూ నవ్వలేదు. కాసులమ్మ కాళ్లు పరిగెత్తబోయి ఆగాయి. చెంబు తన చేత్తో ఇస్తే ఆ నీళ్లూ వాసన కొడతాయి. టీచర్ని పంపింది. అధికారి పుక్కిలించి, ముఖం కడుక్కుని, మిగిలిన నీళ్లు తాగి తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"లిఖియే," రాయమన్నాడు పట్వారీతో. "ఖాళీ కాదు. బస్తీ పుట్టినప్పటి నుంచి వాడుకలో ఉన్న భూమి."

పట్వారీ రాసుకునేదాకా నిలబడి, అధికారి వెళ్లిపోయాడు. కాసులమ్మ ఇంట్లోకి పోయి, చేపలు తీసే వేళయినా బయటికి రాలేదు. ఆమె వాటా చేపల్ని బుల్లమ్మే ఎత్తింది.

ఉత్తర్వు వానలకు ముందు వచ్చింది. రోడ్డు మారలేదు. జాగా సర్కారు తీసుకుంటుంది. భూమి సర్కారుదే గనక డబ్బు లేదు. కాని ఎండబెట్టుకోవడానికి తగిన మరో చోటు బస్తీకి అప్పగించాకే ఇక్కడ పని మొదలుపెట్టాలి. ఈసారి దానికి కాగితం కూడా ఇస్తారు. అది గెలుపో ఓటమో బస్తీలో తేల్చుకోలేకపోయారు. యర్రయ్య గెలిచామన్నాడు. కాసులమ్మ అతనితో వాదించలేదు. ఏటి మూల ఇక లేదన్న సంగతి ఒక్కటే ఆమె చెవికి ఎక్కింది.

పట్వారీ చూపించిన చోటు ఇళ్ల వెనకే ఉంది. నాలుగు చెట్లు కొట్టేస్తే సరి. ఆడవాళ్లందరికీ నచ్చింది. నీళ్లు దగ్గర, పిల్లలు కళ్ల ముందుంటారు, ముసలివాళ్లు కూడా వచ్చి కూర్చుని కాకుల్ని తోలొచ్చు. కాసులమ్మ గుప్పెడు పచ్చి నెత్తళ్లు అక్కడ నేల మీద పరిచి, పొద్దున్నుంచి పక్కనే కూర్చుంది. చేప మీద వాలిన ఈగ లేవలేదు. గాలి తగిలితే ఈగ నిలవదు. మధ్యాహ్నానికి లేచి, ఇది వద్దంది.

ఆమె కోరింది డిపో దిబ్బ. ఏటికి పైన, బస్తీకి బాగా ఎడంగా, ఒకప్పుడు అడవి శాఖ దుంగలు పేర్చిన మెరక. ఏనుగులు దుంగలు లాగి లాగి తొక్కిన నేల, సిమెంటులా గట్టిపడింది. డిపో ఎత్తేసి ఏళ్లయినా అక్కడ మొక్క సరిగా మొలవలేదు. గాలి మాత్రం చీర కొంగు నిలవనివ్వదు.

"అంత దూరం ఎవర్తి మోత్తాది?" అంది బుల్లమ్మ. "నీళ్లు లేవు, నీడ లేదు. నీ గాలి నువ్వే తిను అప్పా."

మిగిలినవాళ్లూ అదే అన్నారు. ఇంటి పక్క చోటు ఇస్తామంటే కాలదన్నిందని, ఆఫీసుకు వెళ్లొచ్చాక కాసులమ్మకు తల తిరిగిందని అన్నారు. కాసులమ్మ చెప్పాల్సింది ఒక్కసారి చెప్పింది. ఇంటి వెనక చోటు తీసుకుంటే ఈ ఏడు చేప కుళ్లుతుంది, వచ్చే ఏడు కాంట్రాక్టరుకు పచ్చిచేపే పోస్తాం, ఆ పై ఏడు మనకు పని ఉండదు.  అర్జీ ఆమె పేరు మీద ఉంది గనక పట్వారీ ఆమె చెప్పిన చోటే రాసుకున్నాడు. బుల్లమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. వానాకాలమంతా ఒకే గోడకు అటూ ఇటూ ఉండి ఇద్దరూ పలకరించుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టగానే జాగా మీద రాళ్లు పోశారు, రోలరు తిరిగింది. జనవరికి రోడ్డు మీద బస్సు వచ్చింది. బస్తీ అంతా చూడటానికి వెళ్లింది. కాసులమ్మ కూడా వెళ్లింది. బస్సు బాగుందంది.

డిపో దిబ్బ మీద మొదటి రోజు ఆమె ఒక్కతే చేపలు పరిచింది. యర్రయ్య, వేట మానుకుని, తడకలు మోసిపెట్టాడు. మిగిలినవాళ్లు ఇళ్ల వెనక, చూరుల మీద, ఎక్కడ ఎండ పడితే అక్కడ ఎండేసుకున్నారు. కొన్నాళ్లకు ఇళ్ల మధ్య నుంచి పురుగు పట్టిన చేపను ఏట్లో పారబోయడం మొదలైంది. ఒకరిద్దరు దిబ్బ మీదికి వచ్చారు. తర్వాత ఇంకొందరు. ముసలివాళ్లకు ఆ నడక సాధ్యం కాలేదు. పుట్టినప్పటి నుంచి చేపల మధ్య బతికిన ముగ్గురు నలుగురు పెద్దవాళ్ల పని ఆ ఏడుతో ఆగిపోయింది. అందులో బుల్లమ్మ అత్త ఒకర్తి.  రోజూ సాయంత్రం కాసులమ్మ ఒక గంప తెచ్చి ఆ ముసలామె వాకిట్లో దించి, ఏరిపెట్టమని అడిగేది. ముసలామె ఏరేది గాని, ఇది పని కాదని ఇద్దరికీ తెలుసు.

బుల్లమ్మ ఫిబ్రవరిలో ఎక్కింది దిబ్బ. నెత్తిన నెత్తళ్ల గంప, చంకన నీళ్ల బిందె. ఎగశ్వాసతో గంప దించి, కాసులమ్మ వైపు చూడకుండా, ఏటి వైపు చూస్తూ అంది.

"నీళ్లు మోసి సచ్చాను. రేపట్నుంచి ఎవర్తి తెత్తాది?"

"నాను తెత్తాను," అంది కాసులమ్మ.

"రోజూనా?"

"రోజూ."

 బుల్లమ్మ గంప బోర్లించి, నెత్తళ్లను చేత్తో పలచగా నెరిపింది. ఇద్దరూ వేరువేరు చివర్ల నుంచి పరుచుకుంటూ వచ్చారు. గాలికి కొంగులు నడుముకు దోపుకోవాల్సి వచ్చింది. పొద్దు పడమటికి వాలేసరికి కాసులమ్మ ఒక దోసెడు నెత్తళ్లు తీసి, బుల్లమ్మ చెవి దగ్గర పెట్టి ఆడించింది. ఎండినవి గలగలమన్నాయి.